ఈశాన్యం మూల మొలకలు

మా అత్తయ్య వెంకటరమణమ్మగారు ఇంగ్లండులోని స్విండన్‌లో మా ఇంట్లో అడుగుపెట్టి, ఇంకా కోటు కూడా విప్పకుండా అడిగిన మొదటి ప్రశ్న ఇది: "లైసెన్సు ఎవరి పేరు మీద పెట్టారమ్మాయ్?"

నా పేరు మీదే అన్నాను. ఆవిడ "ఊఁ" అని ఊరుకుంది. ఆ ఊఁ నాకు నచ్చలేదు. పెళ్లయిన నాటినుంచి ఆవిడ ఊఁలకు అర్థాలు వెతుక్కోవడమే నా పని. కొడుకు ఉండగా కోడలి పేరేమిటని అడుగుతోందని తేల్చుకుని, ఆ పూట కాఫీలో చక్కెర తక్కువ వేశాను.

లైసెన్సంటే కారు నడిపేది కాదు. హెంప్ పంట వేసేది. అదేం పంటని అడిగితే చిక్కు అక్కడే మొదలవుతుంది. అది గంజాయి జాతి మొక్కే. కాకపోతే మత్తెక్కించే సరుకు ఇందులో ఉందా లేదా అన్నంత తక్కువ. కాడ మీది నారతో తాళ్లు, బట్టలు చేస్తారు. లోపలి బెండుతో ఇంటి గోడలకు దిమ్మలు పోస్తారు. మా నాన్న చీరాలలో మగ్గం నేసేవాడు కాబట్టి నార, నూలు అంటే నాకు పుట్టుకతో వచ్చిన పిచ్చి. నేను క్వాలిటీ చూసే ఇంజనీరింగ్ కంపెనీ వాళ్లు మా యూనిట్ ఎత్తేస్తే, ఇంకో ఉద్యోగం వెతుక్కోకుండా ఈ పనిలో దిగాను.

ఈ దేశంలో హెంప్ వెయ్యాలంటే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. గింజ చేతిలో ఉంటే తప్పు లేదు. లైసెన్సు రాకుండా మట్టిలో పడిందా, నేరం. ఇదివరకు మూడేళ్ల గడువుతో ఇచ్చే లైసెన్సు ఇప్పుడు ఆరేళ్ల గడువుతో ఇస్తున్నారు. నిబంధనలు కాస్త సడలాయి. అందుకే నాలాంటి కొత్తవాళ్లు ధైర్యం చేస్తున్నారు. బర్మింగ్‌హామ్‌లో ఒకరోజు శిక్షణకు వెళ్తే, మట్టి బూట్ల ముసలి రైతుల పక్కన ఉద్యోగాలు మానేసి వచ్చిన మాలాంటివాళ్లే సగం మంది కనిపించారు. టీ తాగుతూ ఒక నర్సు, ఒక బస్ డ్రైవరు, నేను పంటల గురించి మాట్లాడుకున్నాం. ఆ రోజు ఎంత సంతోషంగా ఇంటికొచ్చానో చెప్పలేను.

మన తెలుగువాళ్లకు మాత్రం అది గంజాయే. ఉగాదికి అసోసియేషన్ హాల్లో జయలక్ష్మి ఆంటీ నాకు పచ్చడి పోస్తూ, "ఏమ్మా నాగజ్యోతీ, గంజాయివనంలో తులసిమొక్క అంటారే, నువ్వే కదా అది" అంది. అందరూ నవ్వారు. "ఆంటీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాను నేను. ఆవిడ ఇప్పటికీ నా వాట్సాప్ మెసేజీలకు జవాబివ్వదు.

నా పట్టుదలకు ఇంకో కారణం ఉంది. నేను ఈ దేశం వచ్చింది భర్త వీసా మీద, డిపెండెంట్‌గా. ఇల్లు, కరెంటు బిల్లు, కౌన్సిల్ టాక్స్ అన్నీ హర్ష పేరు మీదే. హర్ష అంటే మా ఆయన హర్షవర్ధన్, ఐటీలో పని, మంచివాడు, కాస్త బద్ధకం. డాక్టరు క్లినిక్కుకి ఫోన్ చేసినా ముందు ఆయన పేరు చెబితేనే నన్ను గుర్తుపట్టేవాళ్లు. నా ఒక్కదాని పేరే ఉండే కాగితం ఒకటి నాకు కావాలి. అది ఈ లైసెన్సు కావాలి. అంతే.

పొలం గ్రాహమ్‌ది, నాకు కౌలుకిస్తానన్నాడు. ఊరి బయట, కారులో పావుగంట. మంచి మనిషి గానీ రైతు రైతే. లైసెన్సు రాకుండా మే నెలాఖరు దాటితే ఆ చెక్కలో వేరే పంట వేసుకుంటానని ముందే చెప్పాడు. దరఖాస్తు పెట్టాను, పోలీసు రికార్డుల తనిఖీ అయింది, గింజల కంపెనీ నుంచి నమూనా ప్యాకెట్ కూడా వచ్చింది. దాన్ని పూజ అల్మారాలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టాను. ఇక లైసెన్సు ఆఫీసు వాళ్లు వచ్చి పొలం చూసి వెళ్లడమే మిగిలింది. ఆ తనిఖీ మే మొదటివారంలో అని మెయిల్ వచ్చింది.

అత్తయ్య ఆ సంగతి విని వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది.

"అంటే కాగితం చేతికి ఎప్పుడొచ్చుద్ది?"

"మే మధ్యలో రావచ్చు అత్తయ్యా."

"ఇంకేం. అధికమాసంలో పడుద్ది. అధికమాసంలో కొత్త పని మొదలెడతారా ఎవరన్నా?"

"ఇక్కడి ప్రభుత్వానికి అధికమాసం ఉండదు."

"ఆళ్లకి లేకపోతే మానె. మనకుందిగా."

నేను వాదించలేదు. మావయ్యగారు పోయాక నరసరావుపేటలో పురుగుమందుల కొట్టును ఒంటిచేత్తో నడిపిన మనిషితో ముహూర్తాల గురించి వాదిస్తే గెలుస్తానా? అప్పులోళ్లనే కాదు, కంపెనీ సేల్స్ మేనేజర్లను కూడా ఎండలో నిలబెట్టిన ఘటం ఆవిడ.

అక్షయతృతీయ ఆదివారం నాడు పడింది. పొలం చూస్తానని పట్టుబట్టింది అత్తయ్య. కొత్త చీర కట్టి, దాని మీద హర్ష రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో రాగి చెంబు, భుజాన సంచి పట్టుకుని కారెక్కింది. నేను గ్రాహమ్‌తో కంచె సంగతి మాట్లాడుతుంటే ఆవిడ, మా అమ్మాయి సిరి పొలం చివరికి నడిచి వెళ్లారు. దూరం నుంచి చూశాను. సిరి ఫోన్ పట్టుకుని చెయ్యి చాపి ఏదో దిక్కు చూపిస్తోంది, అత్తయ్య వంగి నీళ్లు పోస్తోంది. భూమాతకు దండం పెట్టుకుంటోందిలే అనుకున్నాను. ముచ్చటేసింది కూడా. కారులో సిరిని అడిగితే, "నానమ్మ వాంటెడ్ నార్త్ ఈస్ట్, సో ఐ ఫౌండ్ ఇట్" అంది, అదేదో చాలా మామూలు విషయమైనట్టు.

తనిఖీ రోజు పొద్దున్నే వెళ్లాను. రాత్రి కురిసిన వానకు నేల మెత్తగా ఉంది. లార్క్ పిట్ట ఒకటి పైన ఎక్కడో అదేపనిగా కూస్తోంది. గ్రాహమ్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో, నేను తెలుగులో చెబుతున్నాను.

"జ్యోతీ, ఆ మూలలో ఏదో వేశావా?"

"నేనేం వెయ్యలేదే."

"వరసగా మొలిచింది. వాటంతటవే వచ్చేవి అంత వరసగా రావు."

వెళ్లి చూశాను. ఈశాన్యం మూల, మూరెడు మేర, రెండేసి ఆకుల లేత మొలకలు. ముచ్చటైన పచ్చదనం. హెంప్ మొలకను నేను ఎన్నడూ కళ్లతో చూడలేదు. లైసెన్సు లేనిదాన్ని ఎలా చూస్తాను? బొమ్మల్లో చూశాను. బొమ్మల్లో కూడా ఇలాగే, కోలగా రెండాకులు. ఆ మూలను, నీళ్లు పోస్తున్న రాగి చెంబును, సిరి చూపించిన దిక్కును కలిపి చూసుకునేసరికి అత్తయ్య వేసింది నా హెంప్ గింజలేనని తేల్చుకున్నాను.

హర్షకు ఫోన్ చేశాను.

"అమ్మ వాకింగ్‌కి వెళ్లింది. ఫోన్ ఇక్కడే పెట్టేసింది" అన్నాడు.

"పూజ అల్మారాలో నా గింజల ప్యాకెట్ చూడండి."

మెట్లు దిగిన చప్పుడు, అల్మారా తలుపు చప్పుడు వినిపించాయి. "విప్పి ఉంది. మూతికి పిన్నీసు పెట్టి ఉంది."

"మీ అమ్మ ఏమైనా అన్నారా?"

"ఆ రోజు రాత్రి చెప్పింది. 'మీ ఆవిడ పొలానికి ముహూర్తం చేసేశా, గింజ వేసేశా' అని. నేను మ్యాచ్ చూస్తున్నా. ఊఁ అన్నా."

చావుకబురు చల్లగా చెప్పడమంటే ఇదే. తల్లీకొడుకుల ఊఁలు కలిసి నా నెత్తి మీద పడ్డాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. తెలుగు రాకపోయినా గ్రాహమ్‌కు అర్థమైనట్టుంది, వెనక్కి తిరిగి గేటు గొళ్లెం సరిచూసుకున్నాడు.

"పీకెయ్ జ్యోతీ" అన్నాడు హర్ష. "గుప్పెడు మొలకలేగా. కంచె అవతల పారెయ్. ఎవరికి తెలుస్తుంది?"

నిజమే, ఎవరికీ తెలియదు. వంగాను. వేళ్లు మొలకల చుట్టూ బిగించాను కూడా. అప్పుడు నాకు హర్ష మీద కాదు, అత్తయ్య మీద కాదు, నా మీద నాకే కోపం ముంచుకొచ్చింది. నా పేరు మీద రాబోయే మొదటి కాగితం ఇది. దాన్ని గుప్పెడు మొలకలు దాచి తెచ్చుకుని గోడకు తగిలించుకుంటే, దాని వంక ఎలా చూస్తాను? పోతే పోయింది, గ్రాహమ్ తన పంట వేసుకుంటాడు, నేను మళ్లీ ఎక్కడో బోల్టుల కొలతలు చూసుకుంటాను అనుకున్నాను. అనుకోవడం తేలికే గానీ, ఏడుపొచ్చింది. మొలకలు వదిలేసి లేచి నిలబడ్డాను.

"పీకను. మీ అమ్మను వెతికి తీసుకురండి" అని ఫోన్ పెట్టేశాను.

తనిఖీకి వచ్చినావిడ పేరు హెలెన్. నెరిసిన జుట్టు, బురద బూట్లు, నింపాదిగా మాట్లాడే మనిషి. కంచె చూసింది, దారి నుంచి పంట కనపడుతుందా లేదా చూసింది, నార తీశాక పనికిరాని ఆకులు ఎలా పారేస్తారని అడిగింది. అన్నింటికీ సరిగ్గానే జవాబు చెప్పాను. అంతా బాగానే ఉందంటూ కారు వైపు కదలబోయింది. అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది.

"ఒక్క నిమిషం. మీకొకటి చూపించాలి" అన్నాను.

మూలకు తీసుకెళ్లి మొత్తం చెప్పాను. అక్షయతృతీయ అంటే ఏమిటో, ఆ రోజు మొదలుపెట్టిన పని తరగదని ఎందుకు నమ్ముతామో, అధికమాసం ఎందుకు అడ్డమో, ఈశాన్యమే ఎందుకో, అన్నీ. నా జీవితంలో ఇంగ్లీషులో చెప్పిన అతి కష్టమైన సంగతి అదే. హెలెన్ ముఖంలో నవ్వు పోయింది.

"లైసెన్సు రాకుండా ఇవి విత్తారని మీరే చెబుతున్నారు."

"అవును. మా అత్తగారికి తెలియక చేశారు. దరఖాస్తు నాది కాబట్టి తప్పు నాదే."

"ఇది నిజమైతే నేను ఈ రోజు ఇక్కడితో ఆపాలి. అర్థమైందా?"

తల ఊపాను. ఆవిడ ఫోటో తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని మొలకలను దగ్గరగా చూడసాగింది. అప్పుడే ఇంకో కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. హర్ష ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బురదలో దిగాడు. వెనక అత్తయ్య, రెయిన్‌కోటు ఎత్తి పట్టుకుని, నిదానంగా.

"ఏందంట గొడవ?" అంది వస్తూనే.

"మీరు వేసిన గింజలే అత్తయ్యా గొడవ. లైసెన్సు రాకుండా వెయ్యకూడదు. మీకెన్నిసార్లు చెప్పాను?"

"ఏ గింజలు?"

"హెంప్ గింజలు."

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత వంగి, ఆ వరసలోంచి రెండు మొలకలు తెంపి నోట్లో వేసుకుని నమిలింది. హర్ష కళ్లు మూసుకున్నాడు. నాలుగు మొలకలు తెంపి అరచేతిలో నలిపి, ప్రసాదం పెట్టినట్టు హెలెన్ ముఖం ముందు పెట్టింది.

హెలెన్ వాసన చూసింది. ఇంకోసారి చూసింది. ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

"మేథీ" అంది. "నేను పుట్టి పెరిగింది లీసెస్టర్‌లో. మా పక్కింటి గుజరాతీ ఆవిడ వారానికోసారి దీనితో రొట్టెలు చేసి పంపేది. ఈ వాసన నేను మర్చిపోతానా?"

మెంతులు. మా వంటింట్లో పోపులపెట్టెలో ఉండే మెంతులు. నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను.

"మరి ప్యాకెట్ ఎందుకు విప్పారు?" అత్తయ్యను అడిగాను.

"పసుపుకొమ్ము వేశా. విత్తనాల్లో పసుపుకొమ్ము వెయ్యకుండా ఉంచుతారా ఎవరన్నా? వేసి పిన్నీసు పెట్టా." ఆవిడకు ఇప్పుడు నిజంగానే కోపం వచ్చింది. "పురుగుమందుల కొట్లో జీవితం అరగదీసినదాన్ని. లైసెన్సు లేకుండా గింజ మట్టిలో వేసేంత తెలివితక్కువదాన్నా? ముహూర్తం కావాల్సింది నేలకి. ఏ గింజయితేనేం, పచ్చగా మొలవాలి, అంతే. మెంతులైతే చలికి కూడా మొలుస్తాయని వేశా."

హర్ష నవ్వాపుకోలేక పోయాడు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంది మా ఆవిడ" అన్నాడు. తిట్టే ఓపిక నాకు లేదు. నాకూ నవ్వొచ్చింది, ఆగలేదు. ఏం జరుగుతోందో తెలియని గ్రాహమ్ కూడా నవ్వాడు. నాలుగు మొలకలు నోట్లో వేసుకుని, చేదుగా ఉన్నాయని ముఖం పెట్టాడు.

హెలెన్ ఊరికే వదల్లేదు. నాలుగు మొలకలు వేళ్లతో సహా పీకి చూసింది, మిగతా పొలమంతా మళ్లీ ఒక చుట్టు తిరిగింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది.

"దాచిపెట్టినవాళ్లను చూశాను. చెయ్యని నేరం తెచ్చి నా చేతిలో పెట్టిన మనిషిని చూడటం ఇదే మొదటిసారి" అంది. లైసెన్సు వస్తుందని గానీ రాదని గానీ చెప్పలేదు. చెప్పకూడదట.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో అడగొద్దు. మెయిల్ చప్పుడైతే చాలు, గరిటె వదిలేసి పరిగెత్తేదాన్ని. ఒకటి కౌన్సిల్ చెత్తబిన్నుల గురించి, ఇంకొకటి సిరి స్కూలు నుంచి. అధికమాసం వచ్చేసింది. గ్రాహమ్ ఫోన్ చేసి, తొందరేం లేదంటూనే మూడోసారి తేదీ గుర్తుచేశాడు. అత్తయ్య మాత్రం నిశ్చింతగా సీరియల్ చూసుకుంటోంది. "మొదలెట్టేశాంగా. ఇంక ఏ మాసంలో వచ్చినా అది మధ్యలో వచ్చినట్టే" అనేది.

ఆదివారం పొలానికెళ్లి మెంతికూర కోసుకొచ్చింది. ఆ మధ్యాహ్నం పప్పు చేసింది. చేదు ఎక్కువైందని సిరి పెదవి విరిచింది గానీ రెండోసారి వడ్డించుకుంది. మేమింకా తింటుండగానే, తన తిండి ముగించిన సిరి, లైసెన్సు మెయిల్ స్పామ్‌లో పడిందేమోనని నా ఫోన్ తీసుకుని వెతికింది.

"మమ్" అంది. "ఇట్స్ హియర్. సిన్స్ ఫ్రైడే."

ఎంగిలి చెయ్యి చీరకు తుడుచుకుని ఫోన్ లాక్కున్నాను. వచ్చింది. ఆరేళ్ల లైసెన్సు. లేచి వంటింట్లోకి, హాల్లోకి, మళ్లీ వంటింట్లోకి తిరిగాను. హర్ష నన్ను ఎత్తబోయి నడుం పట్టేసి వదిలేశాడు. ఏడ్చాను, నవ్వాను, గ్రాహమ్‌కు ఫోన్ చేస్తే ఆయన అటునుంచి ఈల వేశాడు. ఆ రోజంత ఆనందం నా పెళ్లినాడు కూడా లేదు. ఆ మాట హర్ష వినేలాగే అన్నాను.

అత్తయ్య మాత్రం కదల్లేదు. సిరితో ప్రింటు తీయించింది. కళ్లజోడు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పింది. ఇంగ్లీషు చదవలేదు గానీ అక్షరాలు పోల్చగలదు.

"నీ పేరు యాడుంది?"

చూపించాను. దాని మీద వేలు పెట్టింది.

"మావాడి పేరు యాడుంది?"

ఇక్కడికొచ్చిందా అనుకున్నాను. "లేదు అత్తయ్యా. నాదొక్కటే."

"కింద, చిన్నక్షరాల్లో కూడా లేదా?"

"ఎక్కడా లేదు."

ఆవిడ ఊఁ అంది. అదే ఊఁ. కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకుంది. తుడుచుకున్నది కళ్లజోడు కాదని కాసేపటికి గానీ నాకు తెలియలేదు.

"మీ మావయ్య పోయాక కొట్టు లైసెన్సు మార్పిద్దామని ఆఫీసుకి పోతే, ఇంట్లో మగోళ్లెవరూ లేరా అన్నారమ్మాయ్. అందరూ కలిసి మా మరిది పేరు పెట్టించారు. ఆయన ఏనాడూ కొట్టు గడప తొక్కలా. తలుపు తీసింది నేను, కట్టింది నేను. గల్లా పైన గోడకున్న లైసెన్సు మీద మాత్రం ఆయన పేరు. కొట్టు ఎత్తేసిందాకా ఆ పేరు కిందే కూర్చున్నా." కాగితం టేబుల్ మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. "అందుకే దిగంగానే అడిగా. నీ దాంట్లో ఎవడి పేరన్నా దూరిందేమోనని."

ఇన్నాళ్లూ ఆ ఊఁకు నేను చెప్పుకున్న అర్థాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. కుర్చీ పక్కన కూర్చుని ఆవిడ ఒళ్లో తల పెట్టాను. మెంతికూర వాసన వేస్తున్న చెయ్యి నా జుట్టు మీద పడింది.

"చదువు" అంది.

"ఏం చదవను?"

"నీ పేరే. గట్టిగా చదువు."

చదివాను. ఇంకోసారి అంది. మళ్లీ చదివాను. ఆవిడ లేచి కుంకుమ భరిణె తెచ్చి, నా పేరు పక్కన ఖాళీలో బొట్టు పెట్టింది.

"అమ్మా, నా పేరు నిజంగా ఎక్కడా లేదా?" అన్నాడు హర్ష, పప్పు గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

"లేదురా" అంది అత్తయ్య. "అన్నం తిను."